ఆవిడ చెప్పిన పేరు

మొన్న ఆదివారం పొద్దున్న రెడ్డిగూడెం నుంచి మామిడిపళ్ళ పెట్టె వచ్చింది. ఆటో అతను దాన్ని గుమ్మం ముందు దించి, "అయ్యగారికంటమ్మా, సంతకం ఏం అక్కర్లేదు" అంటూ వెళ్ళిపోయాడు. నేను తాసిల్దారు ఆఫీసులో జీవితమంతా గుమాస్తాగా గడిపినదాన్ని. సంతకం లేకుండా ఏ వస్తువు చేతులు మారినా నాకు ఇప్పటికీ మనసొప్పదు. పెట్టె విప్పితే పైన వరిగడ్డి, కింద వరసగా పేర్చిన చిన్న రసాలు. గడ్డి తీసేలోపే వాసన పక్క వాటాలో ఉన్న అన్నయ్య దాకా వెళ్ళిపోయింది. గడ్డి మీద ఒక చీటీ, చీటీ మీద పెన్సిలుతో గుండ్రంగా రాసిన పేరు. పంపినవారు అని రాసి, దాని కింద ఒక మగమనిషి పేరు. ఆయన పోయి చాలాకాలమైంది. ఆ పేరు రాసింది ఆయన భార్య. పెళ్ళయిన నాటి నుంచి ఆ పేరు నోటితో పలకని మనిషి ఇప్పుడు ఏటా మామిడిపళ్ళ పెట్టె మీద రాసి పంపుతోంది. ఆ పేరు నేనిక్కడ రాయను. అది చెప్పుకునే హక్కు ఆవిడది.

అన్నయ్య పురోహితుడు. మా నాన్న కట్టిన ఇంటిని రెండు వాటాలు చేసుకుని ఒక దాంట్లో అన్నయ్యా వదినా, ఇంకో దాంట్లో నేనూ మా ఆయనా ఉంటున్నాం. తిరువూరులో పెళ్ళి చేసినా, గృహప్రవేశం చేసినా, సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నా అన్నయ్య స్కూటరు వాళ్ళ గుమ్మం ముందు ఆగాల్సిందే. గొడుగు ఎక్కడ పెట్టాడో, కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో ఆయనకి ఏనాడూ గుర్తుండదు. గోత్రాలు మాత్రం తాతముత్తాతల దాకా నాలుక మీద ఉంటాయి. ఒకసారి విజయవాడ బస్సులో పక్కన కూర్చున్న అపరిచితుడి ఇంటిపేరు విని, అతని మేనమామ గోత్రం చెప్పి భయపెట్టాడు. "మీ అన్నయ్య పక్కింటి పిల్లి గోత్రం కూడా చెప్తాడు" అని మా ఆయన ఎగతాళి చేసేవారు. గోత్రం విషయంలో అన్నయ్య పొరపాటు పడటం అనేది మా ఇంట్లో ఎవరి ఊహకీ అందని సంగతి.

పెళ్ళిళ్ళు చేయించే పురోహితుణ్ణి చావు కర్మలకి పిలవరు. వాటికి వేరే పురోహితులుంటారు, వాళ్ళని శుభకార్యాలకి పిలవరు. ఎవరు పెట్టారో గానీ పాత కట్టుబాటు. కరోనా రెండోసారి వచ్చిన వేసవిలో ఆ కట్టుబాటు కాస్తా కొట్టుకుపోయింది. ఊళ్ళో కర్మలు చేయించే ఆయన స్వయంగా ఆసుపత్రిలో చేరాడు. ఇక అందరూ అన్నయ్యకి ఫోన్లు. "రేపు మిమ్మల్ని పెళ్ళికి ఎవరు పిలుస్తారు?" అని వదిన చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "రేపు అంటూ ఉంటే అప్పుడు చూద్దాంలే" అన్నాడు అన్నయ్య. పెరట్లో కుళాయి పక్కన సిమెంటు చప్టా మీద పీట వేసుకుని, బోర్లించిన బకెట్టుకి ఫోను ఆనించి, అవతల ఎవరి ఇంట్లోనో ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చున్న కొడుకు చేత కర్మ చేయించేవాడు. కొన్ని ఇళ్ళలో ఆ కూర్చునే కొడుకు కూడా ఉండేవాడు కాదు, ఆసుపత్రి మంచం మీద ఉండేవాడు. అక్కడి నుంచే ఫోనులో, "మా బదులు మీరే కానివ్వండి పంతులుగారూ" అనేవాళ్ళు. అప్పుడు అన్నయ్యే వాళ్ళ తరఫున కూర్చుని, వాళ్ళ తండ్రికి కొడుకై చేసేవాడు.

తెలియని ఇళ్ళు, చేయించి ఎరగని కర్మలు, పైగా అన్నయ్యకి ఒంట్లో జ్వరం. అందుకని చనిపోయినవారి పేరు, గోత్రం, తిథి నేను నోటుబుక్కులో రాసి ఇచ్చేదాన్ని. ఫోన్లు నేనే తీసేదాన్ని. అప్పుడు మా ఆయన విజయవాడలో ఆసుపత్రిలో ఉన్నారు, మమ్మల్ని లోపలికి రానిచ్చేవారు కాదు. రోజుకి రెండుసార్లు ఒక నర్సమ్మ ఫోను చేసి ఆక్సిజన్ ఎంత ఉందో చెప్పేది. ఆ రెండు ఫోన్ల మధ్య బతకడానికి నాకు చేతికి ఏదో ఒక పని కావాల్సి వచ్చింది. పైగా నా రాత మీద నాకు గర్వం. ఆఫీసులో నేను రాసిన కాగితాన్ని ఎవరూ తిరిగి చూడకుండా సంతకం పెట్టేవారు. ఆ గర్వం సంగతి ముందే చెప్పి ఉంచుతున్నాను.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మా వైపు చావు ఇంటికి పరామర్శకి వెళ్తే కాసేపు కూర్చుని, లేచేటప్పుడు "వెళ్ళొస్తాం" అనకూడదు. ఆ ఇంటికి అలాంటి పని మీద మళ్ళీ రావాలని కోరుకున్నట్టు అవుతుందని. చెప్పులు వేసుకుని చప్పుడు చేయకుండా వచ్చేయడమే. చిన్నప్పుడు నాకది అమర్యాదగా తోచేది. ఆ వేసవిలో పరామర్శకి వెళ్ళినవాళ్ళే లేరు. మనిషి పోయిన ఇంటి గేటుకి తాళం, లోపల జ్వరంతో మిగిలినవాళ్ళు, రోడ్డు మీద అంబులెన్సు చప్పుడు. మా ఆయన ఎలాగో బతికి, సగమై ఇంటికి వచ్చారు. ఆ తర్వాత అందరం ఆ నెలల గురించి మాట్లాడటం మానేశాం. మాట్లాడకపోతే అయిపోయినట్టే అనుకున్నాం.

ఏడాది తిరిగింది. బజారులో బట్టల కొట్టు యజమాని తన తండ్రి ఆబ్దికానికి అన్నయ్యని పిలిచాడు. పోయిన వేసవిలో అతను ఆసుపత్రిలో ఉంటే, అతని బదులు అన్నయ్యే కర్మ చేశాడు. ఆ కృతజ్ఞత అతనికి ఉంది. అన్నయ్య పొద్దున్నే వెళ్ళి, కార్యక్రమం ముగించుకుని మధ్యాహ్నానికి ఇంటికొచ్చాడు. వచ్చి భోజనానికి లేవలేదు. సాయంత్రం కాఫీ వద్దన్నాడు. కాఫీ వద్దన్నాడని వదిన చెప్పగానే నేను చేతిలో పని వదిలేసి వెళ్ళాను, ఎందుకంటే అన్నయ్య జ్వరంలో కూడా కాఫీ వద్దన్న మనిషి కాదు.

అక్కడి నుంచి మనిషి మారిపోయాడు. గ్యాసు కట్టేశావా అని వదినని పదిసార్లు అడిగేవాడు, అడిగి మళ్ళీ తనే వెళ్ళి తిప్పి చూసేవాడు. పాలు పోసే ఆమెని పేరు అడిగేవాడు, చెప్పాక మళ్ళీ అడిగేవాడు. ఇరవై ఏళ్ళుగా పాలు పోస్తున్న ఆమె, "ఇదేంటండీ అయ్యగారూ" అని నవ్వేది, తర్వాత నవ్వడం మానేసి నా వైపు చూసేది. వినగడపలో ఒక పెళ్ళిలో అయితే అందరి పరువూ పోయింది. కన్యాదానం దగ్గర పెళ్ళికూతురి గోత్రం అడిగాడు, చెప్పారు. మళ్ళీ అడిగాడు. మూడోసారి అడిగేసరికి పెళ్ళివారిలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాలుగోసారి అడిగి, కాగితం మీద రాయించుకుని, ఆ కాగితం చేతిలో పట్టుకుని కూడా నోరు పెగలక కూర్చుండిపోయాడు. ముహూర్తం దాటిపోతుంటే పిల్ల మేనమామ కేకలు మొదలుపెట్టాడు. చివరికి పక్కనున్న సహాయ పురోహితుడు అందుకుని పెళ్ళి అయిందనిపించాడు. ఆ తర్వాత పిలుపులు తగ్గాయి. చావు కర్మలు చేయించాడు గనుక పిలవడం లేదని వదిన అనుకుంది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక వదిన మీదే విసుక్కున్నాను.

విజయవాడలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళడానికి నాకు మూడు నెలలు పట్టింది. "నాకేమైనా పిచ్చా?" అని అన్నయ్య, "నలుగురికీ తెలిస్తే?" అని వదిన. ఆఖరికి కళ్ళ డాక్టరు దగ్గరికి అని ఊళ్ళో చెప్పి వెళ్ళాం. ఆ డాక్టరు చిన్నవాడే గానీ ఓపిక ఉన్నవాడు. కరోనా తర్వాత ఇలాంటివాళ్ళు చాలామంది వస్తున్నారని, సిగ్గుపడాల్సింది ఏమీ లేదని చెప్పాడు. "మిమ్మల్ని ఏది బాధిస్తోంది?" అని అడిగితే, "నిద్ర పట్టదండీ" అని మాత్రం అన్నాడు అన్నయ్య. ఇంకా ఏమైనా అని అడిగితే నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. మందులతో నిద్ర వచ్చింది గానీ, మెలకువలో ఉన్న మనిషి అలాగే ఉన్నాడు. సంధ్యావందనం కూడా పెదవులు కదలకుండా చేసేవాడు.

అలాగే రెండేళ్ళు గడిచాయి. భాద్రపద మాసంలో ఒక రోజు పట్టపగలు వదిన గోడ మీది నుంచి పిలిచింది. మేమిద్దరం ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం. "వదినా, మీ అన్నయ్య కనపడటం లేదు." స్కూటరు ఉంది. ఫోను మంచం మీద ఉంది. ఎక్కడో మర్చిపోతాడని వదిన తాయెత్తులా మెడలో వేలాడేసిన కళ్ళజోడు తాడు చిలక్కొయ్యకి ఉంది. పెరట్లో చూశాం, పక్క వీధిలో చూశాం. మా ఆయన రొప్పుకుంటూ గుడి దాకా వెళ్ళొచ్చారు. అప్పుడు పాలామె చెప్పింది, సంచీ పట్టుకుని బస్టాండు వైపు వెళ్తుంటే చూశానని. బస్టాండు అంటే విజయవాడ బస్సు, విజయవాడ అంటే కృష్ణ. ఆ మాట నేను పైకి అనలేదు, వదినా అనలేదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా ఆటో ఎక్కాం. ఆ పది నిమిషాలూ నేను దేవుణ్ణి తిట్టాను తప్ప మొక్కలేదు.

విజయవాడ బస్సులు ఆగే చోట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నాడు. ఒళ్ళో గుడ్డ సంచీ, దాని మీద రెండు చేతులు. ఎదురుగా బస్సు కదులుతోంది, ఎక్కలేదు. పళ్ళ బండి అతను, "పొద్దున్నించీ ఇక్కడే ఉన్నారమ్మా, నాలుగు బస్సులు వదిలేశారు" అన్నాడు. వదిన అక్కడే కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఎక్కడికి అన్నయ్యా?"

"కృష్ణకి."

"ఎందుకు?"

"చెయ్యాల్సిన పని ఒకటి ఉందే అమ్మాయీ. చేద్దామనే వచ్చా. తీరా నోట్లోంచి సరైన పేరు వస్తుందన్న నమ్మకం లేదు."

అరవై దాటినా ఆయనకి నేను అమ్మాయినే. సంచీ లాక్కుంటే ఒక్క క్షణం గట్టిగా పట్టుకుని వదిలేశాడు. లోపల నువ్వుల పొట్లం, దర్భలు, రాగి చెంబు, వాటి అడుగున నా నోటుబుక్కు. ఒక పేజీ దగ్గర తమలపాకు ఎండిపోయి ఉంది. తెరిచాను. పై మూల నేనే రాసుకున్న అంకె, ఎనభై రెండు. మా ఆయన ఆక్సిజన్ ఎనభై రెండుకి పడిపోయిందని నర్సమ్మ చెప్పిన రోజది. దాని కింద ఇద్దరి పేర్లు. ఒకరు బట్టల కొట్టు పెద్దాయన, ఇంకొకరు రెడ్డిగూడెంలో మామిడి వ్యాపారం చేసే ఆయన. ఇద్దరూ వైశ్యులే, ఇద్దరూ ఒకే వారంలో పోయారు, ఇద్దరి కొడుకులూ ఆసుపత్రిలో ఉన్నారు. ఒకరికి పొద్దున్న, ఒకరికి మధ్యాహ్నం అన్నయ్యే కూర్చుని చేశాడు. అన్నయ్య వేలు పెట్టి చూపించాడు. ఈయన పేరు కింద ఆయన గోత్రం, ఆయన పేరు కింద ఈయన గోత్రం. మూడు రోజుల కర్మ మొత్తం అలాగే జరిగిపోయింది. ఆబ్దికం రోజున కొడుకు తన నోటితో గోత్రం చెప్పేదాకా అన్నయ్యకి తెలియలేదు.

"ఇది నా రాత" అన్నాను.

"తెలుసు."

"రెండేళ్ళుగా తెలిసి..."

"ఆ రోజు నువ్వెలా ఉన్నావో చూసినవాణ్ణి. ఆయన వస్తాడో రాడో తెలియక, ఒక చేత్తో ఫోను పట్టుకుని రాశావు. నీకు చెప్తే ఏం చేసుకుంటావో అని భయం. చెప్పకపోతే వాళ్ళిద్దరూ సగం దారిలో నిలబడి నన్నే చూస్తున్నట్టు ఉంటుంది. ఎవరి పేరు పలకబోయినా వాళ్ళే అడ్డొస్తున్నారు."

డాక్టరు గదిలో నా వైపు చూసిన చూపు అప్పుడు అర్థమైంది. రెండేళ్ళు ఆయన్ని చూసి విసుక్కున్నాను. చాదస్తం ముదిరిందన్నాను. పెళ్ళిలో పరువు తీశాడని నలుగురి ముందూ అన్నాను. ఆయన పిచ్చివాడనిపించుకుని నన్ను కాపాడాడు. బస్టాండులో, అంతమంది మధ్య, నాకు ఆపుకోలేనంత ఏడుపు వచ్చింది. ఏడ్చాను. పళ్ళ బండి అతను ఏం చేయాలో తోచక మాకు మూడు బత్తాయిలు ఇచ్చాడు.

చెప్పేద్దామని నేను, వద్దని వదిన. "తప్పు చేయించాడని తెలిస్తే ఈ ఊళ్ళో ఇంక తలెత్తుకోగలమా?" అంది. ఆవిడ భయం అబద్ధం కాదు. పురోహితుడికి ఉన్న ఆస్తి మాట మీద నమ్మకమే. మా ఆయన టీవీ కట్టేసి, "చెప్పేయండి. ఇంకెన్నాళ్ళు మోస్తారు?" అన్నారు. ఆయన క్రికెట్టు మధ్యలో టీవీ కట్టేయడం అదే మొదలు. మర్నాడు డాక్టరుకి మొత్తం చెప్పాం. మందులు ఆపొద్దని, అన్నయ్యని ఒంటరిగా పంపొద్దని, వాళ్ళేమన్నా సరే విని రావడానికి సిద్ధపడి వెళ్ళమని అన్నాడు.

ముందు బట్టల కొట్టుకి వెళ్ళాం. నేనే మాట్లాడాను. అతను చీరలు మడతపెడుతూ విన్నాడు. విని, చేతిలో చీర అలాగే పట్టుకుని నిలబడ్డాడు. "అంటే మా నాన్నకి ఏదీ చేరలేదా? నేను చూడలేదు, నిప్పు పెట్టలేదు. కనీసం అదొక్కటైనా సక్రమంగా జరిగిందని బతుకుతున్నానండీ!" అని అరిచాడు. కొట్లో బేరం చేస్తున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. "ఊరందరికీ చెప్తాను. మీ చేత ఎవరూ ఏదీ చేయించుకోకూడదు. దయచేసి బయటికి వెళ్ళండి!" అన్నయ్య చేతులు జోడించాడు. నేను జోడించలేకపోయాను. సాయంత్రానికి బజారు బజారంతా తెలిసిపోయింది. అన్నమాట ప్రకారం అందరికీ చెప్పాడు.

రెండో రోజు ఆటో మాట్లాడుకుని రెడ్డిగూడెం వెళ్ళాం. తోటల మధ్య దారి, కాయలు లేని చెట్లు నల్లగా ఉన్నాయి. అన్నయ్య దారంతా నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ వసారాలో చాప వేసి కూర్చోబెట్టింది, డెబ్బై దాటిన మనిషి. కొడుకు తలుపు దగ్గర నిలబడ్డాడు. అన్నయ్య ఈసారి తనే, తప్పు తనదేనని చెప్పాడు. కాదు, అలా రాసింది నేనని మధ్యలో అందుకున్నాను. ఆ రోజు ఎందుకలా రాశానో చెప్పాల్సి వచ్చింది. ఆవిడ నా మెడలో నల్లపూసల వంక చూసి, "మీ ఆయన?" అంది. "ఉన్నారండి" అన్నాను. బతుకులో అంత సిగ్గుపడి చెప్పిన మాట ఇంకోటి లేదు. ఆవిడ తల ఊపింది.

తర్వాత ఆవిడే నెమ్మదిగా మొదలుపెట్టింది. "అయ్యగారూ, నేనూ ఒక సంగతి చెప్తాను, మా వాడికి కూడా చెప్పలేదు. ఆ రోజు అస్థికలు తేవడానికి మా వాడి స్నేహితుడు వెళ్ళాడు. అక్కడ మూటలు వరసగా ఉన్నాయట. చీటీలు వానకి తడిసిపోయాయట. వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, పాపం. ఇదే అనుకుంటా అని ఒకటి ఇచ్చారట. ఆ పిల్లాడు ఏడుస్తూ నాతో చెప్పాడు. నేను ఎవరితోనూ అనొద్దన్నాను. కృష్ణలో కలిపింది ఎవరినో నాకు తెలీదండీ. రోజూ దీపం పెట్టేటప్పుడు అనుకుంటాను, మా ఆయన్ని ఎవరో వాళ్ళ మనిషనుకుని కలిపి ఉంటారు, బాగానే కలిపి ఉంటారులే అని." తలుపు దగ్గర కొడుకు గోడకి ఆనుకుని జారి కూర్చున్నాడు. ఆవిడ అతని తల మీద చెయ్యి వేసి, "మళ్ళీ చేయించండి అయ్యగారూ. మీరే చేయించండి, మీ ఇంట్లోనే, అప్పుడు చేసిన చోటే" అంది. మేము లేచినప్పుడు ఆవిడా ఏమీ అనలేదు, మేమూ వెళ్ళొస్తామని అనలేదు. మూడేళ్ళు ఆలస్యంగా వెళ్ళిన పరామర్శ అది.

మహాలయ అమావాస్య నాడు పెరట్లో అదే సిమెంటు చప్టా కడిగాం. తల్లీ కొడుకూ పొద్దున్నే వచ్చారు. పీటలు వేసి అన్నయ్య మొదలుపెట్టబోతుండగా వదిన పరుగున వచ్చి, "గేటు దగ్గర జనం ఉన్నారు" అంది. చూస్తే నిజమే. పాతికమంది ఉంటారు, ఇంకా వస్తున్నారు. ముందు బట్టల కొట్టు యజమాని. గొడవకే వచ్చారనుకున్నాను. వదిన గేటు గడియ వేసి, గడియ మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. అన్నయ్య వాళ్ళని చూశాడు. నేను దగ్గరికి వెళ్ళి, "ఆపేద్దామా?" అని అడిగాను. తల అడ్డంగా ఊపి కళ్ళు మూసుకున్నాడు.

మంత్రం బాగానే మొదలైంది. గోత్రం, పేరు చెప్పాల్సిన చోటికి వచ్చింది. ఆగిపోయాడు. చెంబు కింద పెట్టి మళ్ళీ తీసుకున్నాడు. మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు, మళ్ళీ అక్కడే ఆగాడు. కొడుకు తండ్రి పేరు అందిద్దామని నోరు తెరిచి, మొదటి అక్షరం దగ్గరే కండువాలో ముఖం దాచుకున్నాడు. అన్నయ్య పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. వినగడప పెళ్ళి మళ్ళీ మొదలైంది అనుకున్నాను. ఈసారి ఈ మనిషి ఇంక లేవడు అనుకున్నాను.

అప్పుడు ఆవిడ చెప్పింది. వంటింటి గుమ్మంలో కూర్చున్నది లేచి, చప్టా దాకా వచ్చి, తల మీద కొంగు సర్దుకుని, గోత్రం చెప్పి, భర్త పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, గేటు అవతలికి వినపడేలా చెప్పింది. ఆ తరం ఆడవాళ్ళు మొగుడి పేరు ఎవరైనా అడిగితే పక్కనున్న పిల్లల చేత చెప్పించేవారు. రేషను కార్డుకి మా ఆఫీసుకి వచ్చినప్పుడు ఎంతమందిని ఆ పేరు కోసం బతిమాలానో నాకు తెలుసు. చెప్పాక ఆవిడకే ఆశ్చర్యం వేసినట్టుంది, చెయ్యి నోటి మీద పెట్టుకుంది. తర్వాత చెయ్యి తీసేసి ఇంకోసారి చెప్పింది. అన్నయ్య ఆ పేరు ఆవిడ నోటి నుంచి అందుకుని, ఆవిడ చెప్పినట్టే పలికాడు. పేరు పూర్తిగా వచ్చింది. నీళ్ళు వదిలాడు.

గేటు చప్పుడైంది. బట్టల కొట్టు యజమాని గడియ మీద ఉన్న వదిన చేతిని చూసి, "అమ్మా, తియ్యండి" అన్నాడు. వదిన తీసింది. అతను చెప్పులు విప్పి, లోపలికి వచ్చి, ఎవరివంకా చూడకుండా రెండో పీట మీద కూర్చున్నాడు. "మా నాన్న పేరు నేనే చెప్తాను" అన్నాడు. చెప్పాడు. చెప్పి, పీట మీదే వంగిపోయి పెద్దగా ఏడ్చాడు. అన్నయ్య ఒక చేత్తో అతని వీపు నిమురుతూ ఇంకో చేత్తో నీళ్ళు వదిలాడు.

గేటు దగ్గర ఉన్నవాళ్ళు గొడవకి రాలేదు. అతను కోపంతో బజారంతా చెప్పిన సంగతి విని, అమావాస్యకి మళ్ళీ చేయిస్తున్నామని పాలామె చెప్పగా తెలుసుకుని, వాళ్ళ వాళ్ళ గుండెల్లో ఉన్నది పట్టుకుని వచ్చారు. ఒక టీచరమ్మ ముందుకు వచ్చి, "మా అక్క ఏ తిథిన పోయిందో మాకు సరిగా తెలీదండీ. పేరు చెప్పుకోవచ్చా?" అని అడిగింది. మందుల షాపాయన తన తమ్ముడి పేరు చెప్పాడు. ముఖం చూపించకుండా కట్టి తీసుకుపోయారని ఒకరు, ఆఖరి ఫోను తను ఎత్తలేదని ఒకరు. పేరుతో పాటు ఆ మాటా చెప్పుకున్నారు. నన్ను రాయమని ఎవరో కాగితం ఇవ్వబోతే వద్దన్నాను. ఎవరి మనిషి పేరు వాళ్ళే చెప్పాలన్నాను. గోత్రం లేని పేర్లు కూడా వచ్చాయి. అన్నయ్య ఏ పేరు దగ్గరా ఆగలేదు. మధ్యాహ్నం దాటేసరికి చప్టా అంతా తడి, పేరు చెప్పినవాళ్ళు అక్కడే నేల మీద కూర్చుని, మూడేళ్ళ కిందట మాట్లాడుకోవాల్సినవి మాట్లాడుకుంటున్నారు. వదిన అందరికీ కాఫీలు కలపలేక పాలామెని సాయం పిలిచింది.

అలాంటి కార్యం నుంచి వెళ్ళేటప్పుడు ఎవరూ చెప్పి వెళ్ళరు. ఒక్కొక్కరే లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. రెడ్డిగూడెం ఆవిడ కూడా ఆటో దాకా వెళ్ళి, ఒక కాలు లోపల పెట్టి, ఆగి వెనక్కి తిరిగింది. "వెళ్ళొస్తామమ్మా" అంది. నేను ఉలిక్కిపడ్డాను. "కాయల కాలానికి మీరూ రండి" అంది. ఆటో కదలబోతుంటే డ్రైవరు భుజం తట్టి ఆపించి, మళ్ళీ అంది: "మీ ఆయన్ని కూడా తీసుకురండి."

అన్నయ్య ఇప్పటికీ డాక్టరు దగ్గరికి వెళ్తాడు, ఆ సంగతి ఇప్పుడు ఎవరి దగ్గరా దాచం. పెళ్ళిళ్ళకీ పిలుస్తున్నారు, మరీ మునుపటంత కాదు. మంచిరోజుల్లో గోత్రం ఒకసారే అడుగుతాడు, బాగోలేని రోజుల్లో రెండుసార్లు. మొన్న పెట్టెలో పండు ఒకటి తీసి, చీటీ చేతిలోకి తీసుకుని, దాని మీది పేరు పైకి చదివి, "బాగా తియ్యగా ఉంటాయి వీళ్ళ తోటవి" అన్నాడు. మా ఆయన అప్పటికే రెండోది పిండుకుంటున్నారు. కాలం గడిస్తే అన్నీ అవే సర్దుకుంటాయని ఆ రోజుల్లో మేమంతా అనుకున్నాం. ఆఫీసులో అంతకాలం పనిచేసి కూడా నాకు తట్టలేదు, కాలం బల్ల మీది కాగితం లాంటిదని, ఎవరో ఒకరు లేచి చేత్తో పట్టుకుని అవతలి బల్ల దాకా తీసుకెళ్ళకపోతే అది ఎన్నేళ్ళయినా ఉన్నచోటే ఉండిపోతుందని.